నిలబడి నీళ్ళు తాగాల్సిన వేళ

మొన్న మా బావమరిది గుంటూరు నించి ఫోన్ చేసి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, "బావా, 25 పాయింట్లు ముందుండి ఫైనల్ ఓడిపోయింది మీ ఊరి టీమేనటగా?" అన్నాడు. యూట్యూబులో ఏదో వీడియో కనబడిందట వాడికి. ఔన్రా మా ఊరిదే అన్నాను. "ఎలా బావా అసలు?" అన్నాడు. ఆ ప్రశ్నకి ఫోన్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. అట్లాంటాలో పాతికేళ్ళుగా ఉంటున్నవాణ్ణి, 2017 ఫిబ్రవరి 5 రాత్రి గురించి రెండు ముక్కల్లో తేల్చెయ్యమంటే ఎలా? అందుకని ఇక్కడ రాస్తున్నా.

ఇండియా నించి చదివేవాళ్ళ కోసం కాస్త ఉపోద్ఘాతం (ఇక్కడివాళ్ళు ఈ పేరా దాటేసి వెళ్ళిపోవచ్చు). ఈ దేశపు ఫుట్‌బాల్లో కాలికి పని తక్కువ. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళితే మళ్ళీ నాలుగిస్తారు. బంతిని చివరి గీత దాటిస్తే 6 పాయింట్లు, ఆ పైన ఒకటో రెండో బోనసు. అంతదూరం వెళ్ళలేమనిపిస్తే ఆ రెండు స్తంభాల మధ్య నించి బంతిని తన్నితే 3. దాన్నే ఫీల్డ్ గోల్ అంటారు. ఇంకొక్క సంగతి గుర్తుపెట్టుకోండి, నా గోలంతా దాని మీదే. బంతి చంకన పెట్టుకు పరిగెత్తేవాణ్ణి మైదానంలో పడగొట్టినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. విసిరిన బంతి ఎవరికీ అందకుండా నేల మీద పడితే మాత్రం గడియారం ఆగిపోతుంది. విసిరేలోపే అవతలివాళ్ళు వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పడేస్తే వెనక్కి జరిగిన గజాలన్నీ నష్టం. కాబట్టి ముందున్నవాడు పరిగెత్తాలి, వెనకబడ్డవాడు విసరాలి. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు.

ఆ యేడు మా ఫాల్కన్స్ ఆట చూసి తీరాల్సిందే. సీజన్ మొత్తం మీద 540 పాయింట్లు, లీగులో అందరికంటే ఎక్కువ. మాట్ ర్యాన్‌కి ఆ యేటి ఎంవీపీ ఇచ్చారు. ఆ దాడికి వ్యూహకర్త కైల్ షానహాన్. పాత జార్జియా డోమ్‌లో ఆడిన ఆఖరి ఆటలో గ్రీన్ బే వాళ్ళని 44-21తో చితక్కొట్టి హ్యూస్టన్లో జరిగే సూపర్ బౌల్‌కి వెళ్ళారు. అవతల టామ్ బ్రేడీ ఉన్న పేట్రియట్స్.

మేం నాలుగు కుటుంబాల వాళ్ళం ఒక స్నేహితుడింట్లో, బేస్‌మెంట్లో చేరాం. కోడి రెక్కలు, మిరపకాయ బజ్జీలు, మా ఆవిడ చేసిన పులిహోర. మూడో క్వార్టర్లో స్కోరు 28-3 అయ్యేసరికి, ఫుట్‌బాల్లో ఓనమాలు కూడా రాని మా స్నేహితుడి నాన్నగారు సైతం "ఇంక అయిపోయినట్టే కదూ, పడుకోనా?" అని లేచారు. పడుకోండి బాబాయిగారూ అన్నాను. ఆయన అదృష్టవంతుడు. ఇంకో ఇల్లాలు ఎర్ర క్రీముతో ఫాల్కన్ బొమ్మ వేయించి, కింద "ఛాంపియన్స్" అని రాయించి ఓ కేకు కూడా తెచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిణ్ణొక్కదాన్నీ అనడం దేనికి? టీమ్ యజమాని ఆర్థర్ బ్లాంక్ గారు కూడా ఆట ముగియకుండానే సంబరానికి మైదానం పక్కకి దిగొచ్చేశారు.

తర్వాత 28-9 అయింది. 28-12 అయింది. అప్పటికీ ఫర్వాలేదు. ఇంక 8 నిమిషాల 31 సెకన్లే ఉన్నాయి. బంతి మాదే. మూడో ప్రయత్నం, వెళ్ళాల్సింది ఒక్క గజం. పరిగెత్తుతారనుకున్నాం. ర్యాన్ విసరడానికి వెనక్కి అడుగులేశాడు. పక్కనించి వస్తున్న హైటవర్‌ని ఆపాల్సిన ఫ్రీమన్ ఆపలేకపోయాడు. బంతి ర్యాన్ చేతిలోంచి జారిపోయింది, పేట్రియట్స్ దక్కించుకున్నారు. కాసేపటికి 28-20.

అందరూ షానహాన్‌ని తిట్టేది దీనికే. నేను మాత్రం దీనికి సగమే తిడతాను. ఎందుకంటే దూరంగా ఆల్డ్రిక్ రాబిన్సన్ అవతలివాణ్ణి దాటేసి ఒంటరిగా పోతున్నాడు. ఇంకొక్క క్షణం దొరికుంటే అది నేరుగా టచ్‌డౌనే కావచ్చు, ఇవాళ మనం షానహాన్‌కి దండలేస్తూ ఉండేవాళ్ళం. రెండో రన్నింగ్ బ్యాక్ కోల్మన్ అప్పుడే దెబ్బ తగిలి బయటికెళ్ళాడు. సెంటర్ అలెక్స్ మ్యాక్ విరిగిన కాలి ఎముకతో ఆడుతున్నాడు. ఫలితం చూసి తెలివిని తూచడం నాకిష్టం లేదు. ఆ క్షణంలో ఆ మనిషికి ఏం తెలుసో దాన్ని బట్టే తూచాలి. అలా తూస్తే అది చెడ్డ జూదమే గానీ, బుద్ధిలేని జూదం కాదు.

క్షమించలేనిది ఆ తర్వాతది.

28-20 అయ్యాక కూడా మావాళ్ళు బెదరలేదు. ఫ్రీమన్ ఒక పాస్ పట్టుకుని 39 గజాలు పోయాడు. ఆ వెంటనే జూలియో జోన్స్, మైదానం అంచున, కాలివేళ్ళు గీత దాటకుండా గాల్లో వంగి పట్టిన ఆ క్యాచ్... సూపర్ బౌల్ గెలిచుంటే దానికి అట్లాంటాలో విగ్రహం పెట్టేవాళ్ళు. బంతి పేట్రియట్స్ 22 గజాల గీత మీద ఉంది. మిగిలింది 4 నిమిషాల 40 సెకన్లు.

ఇక్కడ లెక్క చూడండి. తేడా 8 పాయింట్లు, అంటే వాళ్ళకి ఒక టచ్‌డౌనూ రెండు పాయింట్ల బోనసూ వస్తే సమం. మనం ఒక్క ఫీల్డ్ గోల్ కొడితే 31-20. తేడా 11. అప్పుడు వాళ్ళు రెండుసార్లు స్కోరు చెయ్యాలి, గడియారంలో చూస్తే మూడు నిమిషాల చిల్లర. తన్నేవాడెవడు? మాట్ బ్రయంట్. ఆ సీజన్లో 37 తన్ని 34 వేసినవాడు. అక్కణ్ణించి అది 40 గజాల తన్ను, అతనికి రోజువారీ పని. అంటే షానహాన్ చెయ్యాల్సింది ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. మూడుసార్లు ఫ్రీమన్ చేతికి బంతిచ్చి మధ్యలోకి పంపడం, అతను బంతి వదలకుండా కింద పడుకోవడం, ఆపైన బ్రయంట్‌ని పిలవడం. పేట్రియట్స్ టైమౌట్లు పెట్టి గడియారం ఆపుకున్నా ఆ 3 పాయింట్లు ఎక్కడికీ పోవు. పరుగు పనిచెయ్యట్లేదందామా అంటే, ఆ రాత్రి ఫాల్కన్స్ 18 సార్లు పరిగెత్తి 104 గజాలు సాధించారు.

మొదటిసారి పరిగెత్తారు. గజం వెనక్కి పోయింది. పోతే పోయింది. రెండోసారి షానహాన్ పాస్ పిలిచాడు. ర్యాన్ ఏడడుగులు వెనక్కి వెళ్ళాడు, ట్రే ఫ్లవర్స్ వచ్చి పడేశాడు, 12 గజాలు నష్టం. (ర్యాన్ కూడా ఆ బంతిని గీత బయటికి విసిరేసి ఉండొచ్చు. ఎంవీపీకి ఆ మాత్రం తెలియాలి.) మూడోసారీ పాసే. ఈసారి హోల్డింగ్ తప్పుకి ఇంకో 10 గజాలు కోత. బంతి 45 దగ్గరికి వచ్చిపడింది, బ్రయంట్ కాలికి అందనంత దూరం. చేతిలో ఉన్న 3 పాయింట్లని మనంతట మనమే వెనక్కి నెట్టుకుంటూ పోయి పారేసుకున్నాం. పంట్ చేశారు. మూడున్నర నిమిషాలతో బ్రేడీ చేతికి బంతి. మిగతాది మీకు తెలుసు, తెలియకపోతే ఊహించుకోండి. 28-28. సూపర్ బౌల్ చరిత్రలో మొట్టమొదటి ఓవర్‌టైము. టాసు వాళ్ళు గెలిచారు, మావాళ్ళ చేతికి బంతి రాకుండానే 34-28. (ప్లేఆఫ్స్‌లో ఆ నిబంధన 2022లో మార్చారు. మాకేం లాభం?)

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు. మా వాడికి ఆ రాత్రి గ్లాసుడు నీళ్ళు తాగితే కప్పు చేతికొచ్చేది.

"దూకుడుగా ఆడబట్టే కదా ఇంతదూరం వచ్చారు, చివర్లో పిరికిగా ఆడితే ఇంకోలా తిట్టేవారు" అంటారు మా ఆఫీసులో షానహాన్ భక్తులు. బావమరిదికి నేను 2007 టీ20 ఫైనల్ గుర్తుచేశాను. మిస్బా అంతకుముందు బంతికే సిక్సర్ కొట్టాడు. ఇంక నాలుగు బంతుల్లో 6 పరుగులు కావాలి, చేతిలో ఒక్క వికెట్టు. ఆ స్కూపు తన కిష్టమైన షాటే. కానీ 6 కావాల్సినప్పుడు కొట్టే షాటూ, 60 కావాల్సినప్పుడు కొట్టే షాటూ ఒకటి కాదు. దూకుడు అనేది పాయింట్లు కావాల్సినప్పటి మందు. రోగం తగ్గాక కూడా మింగుతుంటే దాన్ని ధైర్యం అనరు.

అసలు నా కోపం షానహాన్ మీద కంటే హెడ్ కోచ్ డాన్ క్విన్ మీద ఎక్కువ. ప్లేలు పిలిచేది షానహానే అయినా, "వద్దు, పరిగెత్తించు" అనే హక్కు హెడ్ కోచ్‌కుంది. హెడ్‌సెట్లో ఒక్క మాట చాలు. పైగా ఈ క్విన్ ఎవరనుకున్నారు? సరిగ్గా రెండేళ్ళ కింద, 2015 ఫిబ్రవరి 1న, సియాటిల్ డిఫెన్స్ కోచ్. గెలవడానికి ఒక్క గజం ఉండగా లించ్‌కి బంతివ్వకుండా పాస్ వేసి, మాల్కమ్ బట్లర్ చేతికి చిక్కి, ఇదే పేట్రియట్స్‌కి 28-24తో కప్పు అప్పజెప్పిన ఆట అది. ఆ ముచ్చటని మైదానం పక్కనే నించుని చూసినవాడు! అలాంటివాడు 22 గజాల గీత దగ్గర ఎలా ఊరుకున్నాడో నాకు ఈనాటికీ అర్థం కాదు. రెండో సగంలో తన డిఫెన్స్ ఆయాసంతో నిలబడలేకపోవడం కూడా చూస్తూనే ఉన్నాడు. ఆ రాత్రి పేట్రియట్స్ 93 ప్లేలు ఆడితే మావాళ్ళు ఆడింది 46. కుర్రాళ్ళకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలన్నా పరుగే దారి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ షానహాన్ వేషమూ, ఆ క్విన్ వేషమూ నేనూ కట్టాను. చాలా ఏళ్ళ కింద, ఒక క్లయింటు దగ్గర, ఆర్నెల్ల ప్రాజెక్టు శుక్రవారం రాత్రి ప్రొడక్షన్‌కి వెళ్ళాలి. టెస్టింగ్ అయిపోయింది, సంతకాలయిపోయాయి. నేను టీమ్ లీడ్‌ని. మధ్యాహ్నం కూచుని చూస్తుంటే బ్యాచ్ ప్రోగ్రాములో ఒక క్వెరీ కనిపించింది. దాన్ని మారిస్తే గంట పని పావుగంటలో అవుతుంది. ఎవరూ అడగలేదు. పక్క సీట్లో వరంగల్ కుర్రాడొకడు, చేరి మూడు నెలలే అయింది, "అన్నా, ఇప్పుడెందుకు? వచ్చే రిలీజుల పెడదాం" అన్నాడు. నాకు ఇంతకాలం పేరొచ్చిందే ఇలాంటి పన్లతో, నువ్వు ఊరుకోవోయ్ అన్నాను. శనివారం తెల్లవారుజాము మూడింటికి పేజర్ మోగింది. ఇన్వాయిసులు కొన్ని రెండేసిసార్లు వెళ్ళిపోయాయి. ఆది, సోమ వారాలు ఇంటి మొహం చూళ్ళేదు. ఆ నెలాఖరుకి నా కాంట్రాక్టు పొడిగించలేదు. హెచ్ 1 మీద ఉన్నాను, మా ఆవిడకి ఏడో నెల. ఆ రెండు నెలలూ ఎలా గడిచాయో ఇప్పుడెందుకులెండి. ఆ కుర్రాడు మాత్రం "నేను చెప్పిన కదా" అని ఒక్కసారి కూడా అనలేదు.

షానహాన్‌కి మాత్రం కాంట్రాక్టు పోలేదు, ఆ మర్నాడే శాన్ ఫ్రాన్సిస్కో హెడ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. 2020 ఫిబ్రవరి సూపర్ బౌల్లో నాలుగో క్వార్టర్లో 20-10 ముందుండి 31-20తో ఓడాడు. 2024లో మళ్ళీ ఓవర్‌టైములో, 25-22తో. ఈసారి ఇద్దరికీ బంతి దక్కే కొత్త నిబంధన ఉన్నా టాసు గెలిచి తనే ముందు బంతి తీసుకున్నాడు. కొత్త నిబంధన సంగతి మాకు తెలియదని ఆ తర్వాత అతని ఆటగాళ్ళే కొందరు చెప్పారు. క్విన్‌ని అట్లాంటా 2020 అక్టోబర్లో తీసేసింది.

ఆ రాత్రి మా అబ్బాయికి పదేళ్ళు. ఓవర్‌టైము కూడా చూస్తానని మొండికేసి కూచుని, అయిపోయాక సోఫాలోంచి లేవకుండా, "నాన్నా, వాళ్ళు కిక్ ఎందుకు కొట్టలేదు?" అన్నాడు. పదేళ్ళవాడికి తోచింది. మెట్ల మీద బాబాయిగారు నిద్రకళ్ళతో దిగొచ్చి "గెలిచారా?" అని అడిగారు. ఎవరం మాట్లాడలేదు. కేకు తెచ్చినావిడ డబ్బా తీసి, కత్తితో "ఛాంపియన్స్" అన్న అక్షరాల మీద క్రీము చదును చేసి, తలా ఒక ముక్క కోసి పెట్టింది.