పని చేయు స్థితిలో

ఆ పెట్టె 2019 సంక్రాంతి సెలవులు అయిన మర్నాడు మా బడికి వచ్చింది. మా దగ్గరే పదో తరగతి దాకా చదివి, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడొకడు పండక్కి మా ఊరు చాట్రాయి వచ్చి, తిరుగు ప్రయాణానికి ముందు దాన్ని చంకలో పెట్టుకుని తెచ్చాడు. బడి పేరు రాయను. తప్పు గోడలది కాదు, మాది.

స్టాఫ్‌రూములో మేం టీలు తాగుతూ చూస్తుంటే బల్ల మీద బిగించాడు. ఏటవాలుగా నిలబెట్టిన ప్లాస్టిక్ పలక, దాని నిండా వరసగా చిన్న చిన్న పిడులు. పైన ఒక పక్క నీలం గోళీలు, ఇంకో పక్క ఎర్ర గోళీలు, అడుగున మీట. మీట నొక్కితే పైనుంచి ఒక గోళీ జారి, పిడులకు తగిలించిన ముక్కల్ని అటూ ఇటూ తోసుకుంటూ కిందికొచ్చి, ఈసారి మీటను తనే నొక్కి ఇంకో గోళీని పిలుస్తుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు, తెర లేదు. "ఇది కంప్యూటరు మాస్టారూ" అన్నాడు. మా తెలుగు మాస్టారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను.

దాని పేరు ట్యూరింగ్ టంబుల్. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన పాల్ బాస్వెల్ దాన్ని తయారుచేసి, 2017లో జనం దగ్గర డబ్బు పోగుచేసి బయటికి తెచ్చాడు. దానికి తాతలున్నారు. 1963లోనే అమెరికాలో డిజీ-కాంప్ అని ఒక ప్లాస్టిక్ బొమ్మ అమ్మేవాళ్ళు, ధర అయిదు డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. ఆ తర్వాత గోళీలతో లెక్కలు చేసే దాని తమ్ముడొచ్చాడు. ఇవన్నీ ఆ కుర్రాడు చెప్పినవే. మనకేం తక్కువ అనుకోకండి. మా పక్క జిల్లా మోగల్లులో పుట్టిన ఏ.ఎస్.రావు గారు 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థను నిలబెట్టారు. 1969లో అక్కడి నుంచి టీడీసీ-12 అనే కంప్యూటరు బయటికొచ్చింది. అది మాకు బాగా తెలుసు. పిల్లల చేత బట్టీ పట్టించాం, ఒక మార్కు బిట్టుగా.

ఆ గోళీల పెట్టె ప్రాణమంతా బిట్ అనే ముక్కలో ఉంది. బిట్టంటే మా ఒక మార్కు బిట్టు కాదు. అది ఎడమకో కుడికో వాలి ఉంటుంది, మధ్యలో నిలబడదు. గోళీ వచ్చి పడిందా, రెండోవైపుకు వాలిపోయి గోళీని ఒక పక్కకు వదుల్తుంది. తర్వాతి గోళీకి మళ్ళీ మొదటివైపు వాలి, దాన్ని ఇంకో పక్కకు వదుల్తుంది. అంటే రెండు గోళీల్లో ఒకటే అటు పోతుంది. అటుపక్క కింద ఇంకో బిట్ తగిలిస్తే అది రెండింటికోసారి కదుల్తుంది. దాని కింద మూడోది పెడితే నాలుగింటికోసారి. మూడు ముక్కలూ ఏ వాలులో ఉన్నాయో చూస్తే ఎన్ని గోళీలు పోయాయో చెప్పొచ్చు. ఎనిమిదో గోళీకి మూడూ మొదటికొచ్చి కూర్చుంటాయి. ఆ రోజు ఎనిమిదో తరగతికి ఒక పీరియడంతా ఆ కుర్రాడే చూపించాడు. ఏనాడూ నోరు విప్పని పిల్లలు ముందుకు తోసుకొచ్చి బల్ల చుట్టూ మూగారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "విరిగినా ఫరవాలేదు మాస్టారూ, విరగ్గొట్టనివ్వండి" అన్నాడు.

మేం విరగ్గొట్టనివ్వలేదు.

ఒక గోళీ పోతే ఎవరు జవాబు చెప్పాలి? స్టాకు రిజిస్టరులో ఎక్కించాం కదా. తనిఖీకొచ్చినవాళ్ళు చూపించమంటే సగం ముక్కలు లేకపోతే? ఈ ప్రశ్నలు వేసింది ఒక్క హెడ్‌మాస్టరు కాదు, మా అందరి నోళ్ళలో నుంచీ వచ్చాయి. ఇనప బీరువా రెండో అరలో, ప్రశ్నపత్రాల కట్టల పక్కన పెట్టి తాళం వేశాం. తాళంచెవి నా దగ్గరే.

రెండు వారాలయ్యాక ఆ ఎనిమిదో తరగతిలోనే ఒక కుర్రాడు గోనెసంచిలో ఏదో చుట్టుకుని తెచ్చాడు. వాళ్ళ నాన్న సీజన్లో తోటల్లో చిక్కం పట్టి కాయ కోస్తాడు, సీజను అయ్యాక బోరు మోటార్లు దించే ముఠాతో తిరుగుతాడు. సంచి విప్పితే ఒక చెక్క. ఒకప్పుడు మా నూజివీడు రసాల్ని గడ్డివేసి సర్ది పంపిన పాత మామిడి పెట్టెది. ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక అలాంటివి కొట్టాల్లో మూల పడి ఉన్నాయి. దానికి మేకులు కొట్టాడు. తెగిన హవాయి చెప్పును బ్లేడుతో కోసి మూడు ముక్కలు చేశాడు. రబ్బరు మేకును పట్టేసుకుని తిరగకపోతే ఏం చేశాడో చూడండి: అయిపోయిన పెన్ను రీఫిల్ని చిన్న గొట్టాలుగా కోసి, చెప్పు ముక్కకు బెజ్జం చేసి అందులో దూర్చి, ఆ గొట్టాన్ని మేకుకు తొడిగాడు. రబ్బరు ఇప్పుడు సులువుగా ఊగుతోంది. ఎవరు చెప్పారు వాడికి బేరింగంటే ఏమిటో? గోళీ వదిలాడు. మొదటి రెండు ముక్కలూ లెక్క తప్పకుండా వాలాయి. "మూడోది ఇరుక్కుంటోంది సార్" అన్నాడు, నా మొహంలోకి చూస్తూ.

నాకు టెన్త్ స్పెషల్ క్లాసు టైమయింది. ఇప్పుడు ఎంత గింజుకున్నా మారని నిజం అదొక్కటే. ఆ మేకును కొంచెం ఎడంగా కొడితే చాలని నాకు కనిపిస్తూనే ఉంది. చెప్పలేదు. టకటకమని చప్పుడు, పక్క క్లాసు వాళ్ళకి ఇబ్బంది అని చెక్క తీసుకుని పక్కన పెట్టాను. సాయంత్రం వాళ్ళ నాన్న కనిపిస్తే చేతికిచ్చి, "వాణ్ణి కాస్త పుస్తకం పట్టించు" అన్నాను. ఆయన సిగ్గుపడిపోయి "చిత్తం మాస్టారూ" అన్నాడు. ఆ చెక్క ఆ రాత్రే నీళ్ళ పొయ్యిలోకి పోయిందని తర్వాత తెలిసింది. ఆయన్ని అనడానికేం లేదు. మాస్టారు చెప్పిన మాట విన్నాడు.

ఆ మే నెలలోనే మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. నేను కత్తిపీట ముందు కూర్చుని కాయ కొడుతున్నాను. మా అత్తగారి కాలం నాటి ఇత్తడి కొలతలు బయటికి తీశారు. మా ఇంటి లెక్క ఇదీ: రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. మా ఆవిడ అయిదు సోలల ఉప్పు కావాలంది. అయిదుసార్లు సోల ముంచలేదు. మానిక ఒకటి కొలిచింది, తవ్వ ముట్టుకోలేదు, సోల ఒకటి కొలిచింది. ఒకటి, సున్నా, ఒకటి. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఇలాంటి పాత్రల మధ్యే పెరిగాను. సోల రెండోసారి నిండిందంటే సోల ఖాళీ, తవ్వ నిండినట్టు. తవ్వ రెండోసారి నిండిందంటే తవ్వ ఖాళీ, మానిక నిండినట్టు. చెప్పు ముక్కలు వాలింది ఆ లెక్కకే. రెండే అంకెలతో చేసే లెక్క అంటే ఎక్కడో కంప్యూటర్ల వాళ్ళదని, ఇంటర్‌లో ట్రూత్ టేబులు వచ్చినప్పుడు బట్టీ పడతారులే అని పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాను. అది మా వంటింటి గూట్లో, పప్పు డబ్బాల పక్కన, తరతరాలుగా ఉంది. జూన్లో బడి తెరిచాక ఆ మానిక, ఆ తవ్వ, ఆ సోల సంచిలో వేసుకుని క్లాసుకు తీసుకెళ్ళి ఉండాల్సింది. అనుకున్నాను కూడా. ట్రాన్స్‌ఫర్ల గొడవల్లో పడ్డాం.

నా ఒక్కడి నేరమే అయితే ఇంతగా రాసేవాణ్ణి కాదు. మా అందరిదీ ఒకటే జబ్బు. బోధనోపకరణాలకని టీచరుకు ఏడాదికి 500 రూపాయలిచ్చిన రోజులున్నాయి. మేం చార్టులు, స్కెచ్ పెన్నులు, థర్మాకోలు కొన్నాం. మేళాలో ప్రదర్శించి, ఫొటో దిగి, గోడకు మేకు కొట్టాం, పిల్లల చేతికి అందనంత ఎత్తులో. ఇన్‌స్పైర్ సైన్సు ప్రదర్శనకని పిల్లవాడి ఖాతాలో పది వేలు పడితే ఆ నమూనా ఎవరు చేశారో మాకు తెలుసు. బెజవాడలో రెడీమేడ్‌గా దొరికేది తెచ్చి, వాడికి నాలుగు వాక్యాలు అప్పజెప్పడం నేర్పి పంపిన ఏళ్ళున్నాయి. అటల్ టింకరింగ్ ల్యాబు అని 2016లో కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఎంపికైన బడికి 20 లక్షల దాకా ఇస్తామన్నారు. 1,500 చదరపు అడుగుల చోటు కావాలన్నారు. మాకు చోటు లేదని రాసి పంపాం. లేకేం, విరిగిన బెంచీలు వేసిన హాలొకటి ఉంది. లెక్కలు రాయాలి, బిల్లులు పెట్టాలి, ఆడిట్‌కి తిరగాలి. చోటు లేదంటే ఒక్క కాగితంతో పోతుంది.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులొచ్చాయి. మంచిచెడ్డలు వేరే వాళ్ళు తేలుస్తారు. నేను నా సంగతే చెబుతాను: నాకు హాయి అనిపించింది. క్లాసు నిశ్శబ్దంగా ఉండేది. ప్రయోగం గాజు మీద వేలు జారినంతలో అయిపోయేది, పరీక్షనాళిక పగలదు, వేలు కాలదు, సింకు కడగక్కర్లేదు.

ఈ జబ్బులో ఊళ్ళో పెద్దలకీ వాటా ఉంది. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతో సీటు, సర్కారు బడి పిల్లలకు అంతకంటే ఏం కావాలి? అది మాకు వరమే. ఆ వరాన్ని మేం ఏం చేసుకున్నామంటే, బడిలో మార్కుకు పనికిరాని ప్రతి వస్తువునూ బీరువాలోకి తోశాం. సీటొచ్చిన ప్రతి పిల్లకీ సెంటర్లో ఫ్లెక్సీ కట్టాం. సెలవులకొచ్చిన ఒక అమ్మాయి "మల్టీమీటరు మొదటిసారి అక్కడే పట్టుకున్నా సార్" అంటే మురిసిపోయాను. మా బడి ల్యాబులో రెండున్నాయి, అట్టపెట్టెలు విప్పకుండా.

పేరెంట్స్ మీటింగులో ఒకాయన లేచి "ఆడుకోడానికైతే ఇంటి దగ్గర ఆడుకోరా, బడికెందుకు?" అన్నప్పుడు అందరూ తలూపారు. వాళ్ళంతా తాటిబుర్రలతో బండి చేసుకుని వీధంతా తోలినవాళ్ళే. మొలకెత్తిన మామిడి టెంకలో జీడి తీసి, రాతి మీద అరగదీసి బూర ఊదినవాళ్ళే. నేనూ అంతే. మాకు నాలుగు డబ్బులొచ్చాక, చేత్తో చేసే పని చదువురాని వాడిదని లోపల ఖాయం చేసుకున్నాం. "మావాడికి ఫ్యూజు వెయ్యడం కూడా రాదండీ" అని ఒక తండ్రి చెబుతుంటే ఆ గొంతులో ఉన్నది గర్వం. ఫ్యూజు వెయ్యడం వచ్చిన పిల్లలు మా క్లాసుల్లో వెనక బెంచీలో ఉండేవాళ్ళు.

మొన్నామధ్య ఫోన్లో చూశాను. ట్యూరింగ్ టంబుల్ చేసిన ఆ బాస్వెలే 2021లో ఇంకో బొమ్మ మొదలుపెట్టాడు, స్పింట్రానిక్స్ అని. కరెంటు బదులు గొలుసు, బ్యాటరీ బదులు చుట్టిన స్ప్రింగు, నిరోధం బదులు గొలుసును వెనక్కి పట్టే చక్రం. చూస్తుంటే తొమ్మిదేళ్ళ కిందటి ప్రశ్న ఒకటి గుర్తొచ్చింది. "ఎలక్ట్రాన్లు అంత నెమ్మదిగా నడిస్తే స్విచ్ వెయ్యగానే లైటెలా వెలుగుద్ది సార్?" అని ఒక ఆడపిల్ల అడిగింది. "అది సిలబస్‌లో లేదమ్మా" అన్నాను. జవాబు ఆ గొలుసులోనే ఉంది: ఒక లంకె కదిలితే చివరి లంకె దాకా అన్నీ ఒకేసారి కదుల్తాయి, పెడలు తొక్కగానే వెనక చక్రం తిరిగినట్టు. కిటికీ అవతల పిల్లల సైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి, ఆ రోజు కూడా.

రిటైరయ్యే ఏడాది, ఎండాకాలంలో మా తోటలో మోటారు కాలింది. విస్సన్నపేట రోడ్డులో వైండింగ్ షాపుకు తీసుకెళ్తే లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది వాడే, చెప్పు ముక్కల కుర్రాడు. ఇంటర్ మధ్యలో మానేశాడట. కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించాడు. మోటారుతో పాటు స్టార్టరు కూడా చూడమన్నాను. మూత తీసి, "ఇదొకటి చూడండి సార్" అన్నాడు. పచ్చ బటన్ నొక్కి వదిలేశాడు. లోపల కాయిలు టక్‌మని పట్టుకుని అలాగే ఉండిపోయింది. "నొక్కి చెయ్యి తీసేసినా నొక్కిన సంగతి దీనికి గుర్తుంటది. కరెంటు పోయిందా, మర్చిపోద్ది. మళ్ళీ వచ్చినా దానంతటది పట్టుకోదు, మీరు నొక్కాల్సిందే." ఎరుపు నొక్కాడు, వదిలేసింది. కంప్యూటరు జ్ఞాపకం అంటే మొదట ఇంతే: ఒక సంగతిని పట్టుకుని ఉండటం, వదిలెయ్యమంటే వదిలెయ్యడం. మా చాట్రాయి తోటల్లో బోరు బోరుకూ అదొకటి వేలాడుతోంది. నా సర్వీసంతా దాని మూత ఒక్కసారీ తియ్యలేదు.

డబ్బులు తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను. లేస్తుంటే అడిగాడు. "ఆ అమెరికా బొమ్మ ఇంకా ఉందా సార్?"

"ఉందిరా. భద్రంగా ఉంది."

నెల తిరక్కుండా ఛార్జి అప్పజెప్పాను. కొత్తగా వచ్చిన మాస్టారు, చురుకైన మనిషి, బీరువాలో ఒక్కొక్కటే చూపిస్తుంటే రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. రెండో అరలో పెట్టె దగ్గర ఆగి "ఇదేంటండీ?" అన్నారు. నోటిదాకా వచ్చింది చాలా. బయట ఆటో ఎదురుచూస్తోంది, సన్మానానికి శాలువాలూ దండలూ వచ్చేశాయి. "ఆట వస్తువు, ఒక సెట్" అన్నాను. పరిస్థితి అన్న గడిలో నా చేత్తోనే "పని చేయు స్థితిలో ఉన్నది" అని రాశాను. కింద ఇద్దరం సంతకాలు చేశాం. గోళీలు ఎవరమూ లెక్కపెట్టలేదు.