బిడ్డ సొమ్ము

రహదారి ప్రమాదమున శాశ్వతముగ అశక్తురాలైన బాలికకు న్యాయస్థానము పరిహారము విధించుటతో ధర్మము నెరవేరినదని పలువురు తలంచుచున్నారు. మేమట్లు తలంపజాలము. ధనము చేతికందుట యొకటి. అది యామెను జీవితాంతము పోషించుట వేఱొకటి.

2007లో 12 ఏండ్ల బాలిక యొకతె ఇట్టి ప్రమాదమున బుద్ధిశక్తిని, కాళ్ల సత్తువను కోల్పోయెను. 2020లో సుప్రీంకోర్టు ఆమెకు 62,27,000 రూపాయలు నిర్ణయించెను. అందు ఇరువురు పరిచారకులకు నెలకు 10,000 రూపాయల వంతున, 18 గుణకముచే హెచ్చించి, 21,60,000 రూపాయలు లెక్కగట్టబడెను. ఇది 18 సంవత్సరముల వ్యయమని భ్రమింపరాదు. మొత్తమును వడ్డీకి పెట్టి, వడ్డీతోపాటు అసలును క్రమముగ వాడుకొన్నచో జీవితకాలము సరిపోవునన్నదే ఆ గుణకమునందలి యూహ. ఆ సొమ్ము అక్క పెండ్లికో, పొలము తాకట్టు విడిపించుటకో పోయినచో లెక్క యంతయు వమ్మగును.

మైనర్ల పరిహారమును యుక్తవయస్సు వచ్చువఱకు దీర్ఘకాలపు డిపాజిట్టులో నుంచవలెనని 1993లో సుప్రీంకోర్టు నిర్దేశించెను. మంచిదే. కాని తన పేరు వ్రాయలేని బిడ్డకు 18వ ఏట సొంత వ్యవహారము చక్కబెట్టుకొను శక్తి యెట్లు వచ్చును?

కావున, వైద్యమునకు కొంత అందుబాటులో నుంచి, తక్కినదానిని నెలనెల వచ్చు యాన్యుటీగా మార్పవలెను. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రిందికి వచ్చు బిడ్డలకు స్థానిక కమిటీ సంరక్షకుని నియమింపగలదు. అతడు ఏటేట లెక్కలు ఒప్పగింపవలెను. వకీళ్లు ఈ యేర్పాటును తీర్పునకు ముందే కోరవలెను. తల్లిదండ్రులు శాశ్వతులు కారు. వారి యనంతరము బిడ్డకు అన్నము పెట్టవలసినది ఆ యేర్పాటే.