సెల్‌ఫోను యాపులు – రైతుల యగచాట్లు

ప్రధానమంత్రి కిసాన్ పథకము 2019లో నారంభమయ్యెను. ఏటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా రైతు ఖాతాకు జమయగును. ఈ-కేవైసీ ముగియనిచో వాయిదా నిలిచిపోవును. 2023 మొదలు యాపునందు ముఖము చూపియు దీనిని ముగించుకొనవచ్చును. వ్రేలిముద్రలు అరిగిపోయిన వృద్ధులకిది మేలేయని మేమొప్పుకొందుము.

అయినను యాపులతో మన సభ్యులు పడు పాట్లు ఇన్నిన్ని కావు. ఆధార్ ఓటీపీకి గడువు 10 నిమిషములు. సిగ్నలు కొరకు మేడ యెక్కి దిగునప్పటికే యది తీరిపోవును. పుటలన్నియు నింపిన పిదప సిగ్నలు పోయినచో మరల మొదటికి రావలసినదే. పాసుపుస్తకమున నుండునవి ఎకరములు, సెంట్లు, తెలంగాణమున గుంటలు. కొన్ని ఫారములడుగునది మాత్రము హెక్టార్లు! హెక్టారునకు 2.47 ఎకరములని లెక్క కట్టుట రైతు పనియా? యంత్రమునకది రెప్పపాటైనను పట్టదు గదా.

నింపిన వివరములు సిగ్నలు లేనప్పుడు ఫోనులోనే నిలిచియుండి, అది వచ్చినంతనే తమంత తామే చేరునట్లు చేయవలయునని మా ముఖ్యమైన కోరిక. దరఖాస్తును త్రోసివేసినచో కారణమును తేటతెలుగున చెప్పవలయును. “సర్వర్ ఎర్రర్” అనినంత మాత్రమున రైతునకేమి బోధపడును? తప్పు తనదో, యాపుదో తెలియక నాటు రోజులలో పని మానుకొని మీసేవకు తిరుగవలసి వచ్చుచున్నది.

సభ్యులు తమకెదురైన చిక్కును, తేదీని, యాపు పేరును కాగితముపై వ్రాసి సంఘ కార్యదర్శికి అందజేయ గోరుచున్నాము. వానినన్నిటిని జతపరచి వ్యవసాయాధికారులకు పంపుదుము. ఓటీపీని మాత్రము ఆ కాగితముపై వ్రాయరాదు.