జారడం వేరు, నేర్పడం వేరు

తాపీ ఒడ్డు నుంచి

సూరత్ దగ్గరి మా కామ్‌రేజ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు చేత్తో ముట్టుకున్న మంచు ఏదైనా ఉంటే అది గోలా బండి మీద గీరిన ఐసే. చలికాలం తెల్లవారుజామున తాపీ మీద కాస్త పొగమంచు కమ్ముతుంది. ఎండెక్కేసరికి అదీ ఉండదు. అలాంటి ఊరి కుర్రాడొకడు పోయిన నెల మా ఇంటికొచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు.

"కాకా, గీ కోర్సు జూడు. కెనడాల పన్నెండు వారాలు నేర్పుతరట. అయిపోయినంక స్కీయింగ్ నేర్పే సారు పట్టా ఇస్తరు. నౌకరి గూడ వాళ్లే సూపిస్తరట."

ఫోనులో తెల్లటి కొండ, ఎర్ర కోట్లు వేసుకున్న యువకులు, వాళ్ల వెనక తాడు కట్టినట్టు వరసగా జారుతున్న చిన్న పిల్లలు. కింద ఫీజు. మన డబ్బుల్లో పది లక్షలకు దగ్గర. సూరత్‌లోని ఒక ఏజెన్సీ ఆ శనివారంలోగా అడ్వాన్సు కట్టమందట.

ఈ అబ్బాయి తాత సిరిసిల్ల నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పనికి సూరత్ వచ్చాడు. తండ్రి ఇప్పటికీ లస్కానా వైపు ఒక కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. సాయంత్రాలు తమ సొసైటీ పార్కింగులో చిన్న పిల్లలకు రోలర్ స్కేటింగ్ నేర్పుతాడు. ఆ పిల్లలు ఎక్కువమంది సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివాళ్ల బిడ్డలు. వాడు నేర్పుతుంటే నేను చాలాసార్లు నిలబడి చూశాను. ఆరేళ్ల పిల్ల ముందు నేల మీద కూర్చుని, దాని మోకాళ్లు రెండూ పట్టుకుని "ఘూంటణ్ వాళో, ఘూంటణ్ వాళో" అంటాడు. మోకాళ్లు వంచమని. పిల్ల పడితే లేపడు. లేవడం ఎలాగో చెబుతాడు.

అందుకే వాడి మాటను కొట్టిపారేయలేదు. వాడికి చెప్పిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను. మంచు ఆటల మీద, పరదేశపు పట్టాల మీద మనసు పడ్డ పిల్లలు మన తెలుగిళ్లల్లో ఇంకా ఉంటారు.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఆ పట్టా దేనికి ఇస్తారన్నది. బాగా జారినందుకు కాదు, బాగా నేర్పినందుకు. కెనడాలో స్కీ ఇన్‌స్ట్రక్టర్ల సంఘం 1938లో పుట్టింది. వాళ్ల పట్టాలు నాలుగు మెట్లు. స్నోబోర్డుకు సంఘం వేరు, పట్టాలు వేరు. బ్రిటన్‌లో బాసి అనే సంఘానివీ నాలుగు మెట్లే. మొదటి మెట్టు కోర్సు ఐదు రోజులు. కానీ ఆ ఐదు రోజులతో పట్టా చేతికి రాదు. ఏదైనా స్కీ పాఠశాలలో అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పక్కన 35 గంటలు నిలబడి, చూసి, సాయం చేసి రావాలి. ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. పిల్లలతో ఎలా మెలగాలో, వాళ్లకు హాని జరగకుండా ఎలా చూడాలో చదవాలి. ఆ తర్వాత కూడా అతను కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకే నేర్పాలి. ఎత్తయిన కొండ, లోతైన మంచు, పోటీల శిక్షణ, ఇవన్నీ పై మెట్ల వాళ్లవి.

నేర్పేదేమిటో కూడా చెబుతాను. స్కీయింగులో మొదటి పాఠం నాగలి. రెండు స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి మడమలు దూరంగా తోస్తే నాగలి ఆకారం వస్తుంది. స్నోప్లౌ అని దాని పేరు. ఆ ఆకారంలో స్కీల లోపలి అంచులు మంచును గీరుతూ వేగాన్ని తగ్గిస్తాయి. తర్వాత వాలు పాఠం. కొండ మీద చెంబెడు నీళ్లు పోస్తే అవి ఏ దారిన పోతాయో ఆ దారిని ఫాల్ లైన్ అంటారు. స్కీలు ఆ దారి వెంట పెడితే జారతాయి, అడ్డంగా పెడితే ఆగుతాయి. వినడానికి ఇంతే. కానీ కొండ మీద మొదటిసారి నిలబడ్డవాడికి భయం వేస్తుంది. భయపడ్డవాడు వెనక్కి, కొండవైపు వాలతాడు. బరువు మడమల మీదికి పోగానే స్కీలు మాట వినవు, ఇంకా వేగంగా పోతాయి. భయపడ్డ మనిషి ఆ భయం ఉన్న దిక్కుకే, ముందుకే, ఒళ్లు వంచేలా చేయాలి. ఆ ఒక్క పని కోసమే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. స్నోబోర్డు ఇంకో తీరు. రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించి, పక్కకు తిరిగి నిలబడాలి. కొత్తవాళ్లు చేతులు ఆన్చి పడతారు, మణికట్టు విరుగుతుంది. అందుకని పడడం ఎలాగో ముందే నేర్పుతారు.

పార్కింగులో మా అబ్బాయి చేస్తున్న పని ఇదే. మంచు లేదు, అంతే.

స్కీయింగులో గురువు అనే వృత్తికి ఇంత మర్యాద ఎలా వచ్చిందో తెలుసుకుంటే నాకు ముచ్చటేసింది. ఆస్ట్రియాలో ఆర్ల్‌బెర్గ్ కొండల్లో హానెస్ ష్నైడర్ అని ఒకాయన ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు స్కీయింగ్ నేర్పాడు. అంతమందికి కొద్ది కాలంలో నేర్పాల్సి వచ్చేసరికి, పాఠాన్ని ముక్కలు చేసి వరసగా పెట్టాలని తెలిసింది. నాగలితో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టుగా సమాంతరపు మలుపుల దాకా. ఆ వరసతోనే సాంక్ట్ ఆంటన్‌లో ఆయన పాఠశాల నడిచింది. 1930లో జపాన్ వెళ్లి అక్కడా నేర్పాడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను పట్టుకోగానే ఆయన్ను నిర్బంధించారు. మరుసటి ఏడాది అమెరికా చేరి న్యూ హాంప్‌షైర్‌లోని నార్త్ కాన్వేలో మళ్లీ పాఠాలు మొదలుపెట్టాడు. ఇల్లూ ఊరూ పోయినా ఆయన వెంట వెళ్లింది ఆ పాఠాల వరసే. ఈనాడు ఏ దేశపు మంచు మీదనైనా పిల్లలకు ముందు నాగలి నేర్పుతున్నారంటే ఆయన లాంటి వాళ్ల చలవ.

ఇక్కడ మా సాంచాల సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ అబ్బాయి తండ్రిని ఎప్పుడు కదిపినా ఒక మాట గర్వంగా అంటాడు: "నాకు ఎవ్వలు నేర్పలే. జూసి నేర్సుకున్న." ఆ మాట పూర్తిగా నిజం కాదు. సాంచా ఆపి, తెగిన పోగు వెతికి, ముడి వేయడం ఎవరో ఒక పెద్దాయన వేళ్లు పట్టి చూపించే ఉంటాడు. ఈయన కూడా ఎందరో పిల్లలకు చూపించాడు. కానీ చూపించినందుకు ఒక్క రూపాయి కూలి ఎక్కువ రాలేదు. ఫలానా మనిషి నేర్పగలడు అని ఒక్క కాగితం రాలేదు. నేసిన మీటర్లకే లెక్క. సిరిసిల్ల, భివండి, సోలాపూర్, సూరత్, ఎక్కడ చూసినా మన నేతవాళ్ల కథ ఇంతే. మన దగ్గర నేర్పడం ఉపకారం కింద పోతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో అది జీతం వచ్చే పని, పరీక్ష ఉన్న పని. ఫ్రాన్సులో తగిన అర్హత లేకుండా డబ్బు తీసుకుని స్కీయింగ్ నేర్పితే చట్టప్రకారం నేరం. ఈ తేడా నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

అయితే ఏజెన్సీ కాగితం చదివాక నాకు కోపం వచ్చింది. కోర్సు మీద కాదు. అలాంటి కోర్సులు నిజంగానే ఉన్నాయి, మంచివీ ఉన్నాయి. కెనడా, జపాన్‌లలో నవంబరు, డిసెంబరు నుంచి, న్యూజిలాండ్‌లో జూన్ నుంచి సీజన్ నడుస్తుంది కాబట్టి ఒకే ఏడాదిలో రెండు చలికాలాలు పనిచేసే ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారు. కోపం 'నౌకరీ చూపిస్తాం' అన్న మాట మీద. పట్టా ఇవ్వడం స్కీ సంఘం చేతిలో ఉంటుంది. పని చేసుకోనివ్వడం ఆ దేశపు వీసా శాఖ చేతిలో ఉంటుంది. వీటి మధ్య ఉన్న గుంటలోనే మనవాళ్లు పడుతున్నారు. బ్రిటన్, ఆస్ట్రేలియా పిల్లలు పట్టా పుచ్చుకున్న వెంటనే కెనడా కొండ మీద పనిలో చేరగలుగుతున్నారంటే, వాళ్ల దేశాలతో కెనడాకు యువతకు సంబంధించిన ఒప్పందం ఉంది కాబట్టే. ఇంటర్నేషనల్ ఎక్స్‌పీరియన్స్ కెనడా అంటారు. ఆ జాబితాలో భారతదేశం లేదు. మనవాడు పది లక్షలు పోసి, పరీక్ష పాసై, ఎర్ర కోటు వేసుకుని ఫొటో దిగి తిరుగు విమానం ఎక్కాల్సి రావచ్చు. ఈ సంగతి ఏజెన్సీ కాగితంలో లేదు.

దారులు అసలే లేవని కాదు. ఆస్ట్రేలియా తన వర్క్ అండ్ హాలిడే వీసాను 2024లో మనవాళ్లకు తెరిచింది. 18 నుంచి 30 ఏళ్ల వాళ్లకు, లాటరీ పద్ధతిలో, ఏడాదికి వెయ్యి మందికి. పేర్లు ఇచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. కానీ పేరు వస్తే థ్రెడ్‌బో, పెరిషర్ లాంటి కొండల మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా పని చేసుకోవచ్చు. బ్రిటన్ కూడా డిగ్రీ ఉన్న మన యువతకు ఏడాదికి 3 వేల వీసాల పథకం పెట్టింది. అక్కడ పెద్ద కొండలు లేకపోయినా ఇంటి కప్పు కింద మంచు పరిచిన స్కీ కేంద్రాలున్నాయి, బాసి మొదటి మెట్టు వాళ్లు నేర్పేది అలాంటి చోట్లే. పట్టా ఉన్న స్కీ ఇన్‌స్ట్రక్టర్ల కోసం జపాన్ 2020లో ప్రత్యేకంగా ఒక వీసా విభాగం తెచ్చింది. వీటిలో ఏదైనా పట్టా ముందు అడుగుతుంది, లేదా అదృష్టం అడుగుతుంది. అప్పు చేసి అదృష్టం కొనకూడదు.

మరి మంచు చూడని పిల్లలు ఎక్కడ మొదలుపెట్టాలి?

దీనికి జవాబు మన తెలుగు నేల మీదే ఉంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఆ శిఖరం ఫొటోనే అందరికీ గుర్తు. నాకు గుర్తుండేది వాళ్లు వెళ్లిన వరస. మొదట భువనగిరి కోట రాయి మీద, శేఖర్ బాబు దగ్గర తాడు పట్టుకోవడం. తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థ. తర్వాత లద్దాఖ్ చలి. ఆ తర్వాతే ఎవరెస్టు. ఎండకు కాలిపోయే భువనగిరి బండ మీద మంచుకొండ ప్రయాణం మొదలైంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక గురువు ఉన్నాడు.

స్కీయింగుకు భువనగిరి లాంటి చోటు మనకు గుల్మార్గ్. అక్కడ సైన్యం 1948లోనే స్కీ పాఠశాల పెట్టింది. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే సంస్థ ఉంది. పహల్‌గామ్ జవహర్ సంస్థ కూడా స్కీ కోర్సులు నడుపుతుంది. మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ ఉంది. రెండు వారాల ప్రాథమిక కోర్సు, తర్వాత పై కోర్సులు. ఏజెన్సీ అడిగిన సొమ్ములో చిన్న వంతుతో అయిపోతాయి. 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లింది ఒక్కడే, ఆరిఫ్ ఖాన్. గుల్మార్గ్ వాలు మీద పెరిగినవాడు.

ఇంకో సంగతి మన పర్వతారోహణ సంస్థల్లో నాకు చాలా నచ్చింది. ప్రాథమిక కోర్సులో 'ఏ' గ్రేడ్ వస్తే పై కోర్సు. అందులోనూ 'ఏ' గ్రేడ్ వస్తే 'మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్' అనే మూడో కోర్సు. అంటే ఎక్కడం వచ్చినవాడికి నేర్పడం నేర్పే కోర్సు. 1954లో డార్జిలింగ్, 1965లో ఉత్తరకాశీ సంస్థలు పుట్టాయి. నేర్పడం వేరే విద్య అని మన కొండల మీద ఇన్నాళ్లుగా తెలుసు. సాంచాల మధ్య, వజ్రాలు సానపట్టే ఘంటీల మధ్య మాత్రం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

కొన్నేళ్ల కిందట సూరత్ నుంచి ఒక టూరు బస్సు గుంపుతో నేనూ గుల్మార్గ్ వెళ్లాను. గుంపంతా గొండోలా ఎక్కడానికి పరుగెత్తింది. నేను కింద పిల్లల వాలు దగ్గర ఉండిపోయాను. అరవై దాటిన ఒక కశ్మీరీ ఇన్‌స్ట్రక్టర్, తాను వెనక్కి జారుతూ, ఎదుట ఉన్న పిల్లవాడి స్కీల కొనలు చేతులతో పట్టుకుని నాగలి పట్టిస్తున్నాడు. ఆ పిల్లవాడు ఆయన ముఖంలోకే చూస్తున్నాడు, కింద వాలు చూడడం లేదు. గంటసేపు ఆయన నడుము వంగే ఉంది. అలాంటి వాళ్ల బతుకు ఇప్పుడు ఇబ్బందిలో ఉంది. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్‌లో మంచే పడలేదు, గడ్డి బయటపడ్డ ఫొటోలు దేశమంతా చూసింది. 2025లో అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడల పోటీలు మంచు లేక వాయిదా పడి మార్చిలో జరిగాయి. ఈ వృత్తిలోకి వచ్చేవాడు ఇది కూడా తెలుసుకునే రావాలి.

పరదేశం పోవడం కామ్‌రేజ్‌కు కొత్త కాదు. ఇక్కడి తవ్వకాల్లో రెండువేల ఏళ్ల నాటి సముద్ర వ్యాపారపు ఆనవాళ్లు బయటపడ్డాయి. పడవ ఎక్కే ముందు ఆ వర్తకులు అవతలి రేవు సంగతి తెలుసుకోకుండా పోయి ఉండరు.

అబ్బాయి ఫోను చూపించిన రాత్రే వాడి తండ్రితో మాట్లాడాను. "పోరని ఆశ తుంపకు. గుల్మార్గ్ పంపు. 'ఏ' గ్రేడ్ తెచ్చుకుంటే అప్పుడు ఆస్ట్రేలియా లాటరీకి పేరిద్దాం" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "మా వోడు నేర్పుతడు. గది నాకు తెలుసు" అన్నాడు. అడ్వాన్సు కట్టలేదు.

ఈ శీర్షిక చదివే తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ పిల్లలు ఇలాంటి కోర్సు కాగితం తెస్తే చింపేయకండి, వెంటనే డబ్బూ కట్టకండి. ఆ దేశపు ప్రభుత్వ ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్ తెరిచి, పని వీసా ఇచ్చే దేశాల జాబితాలో భారతదేశం పేరు ఉందో లేదో పిల్లలతో కలిసి మీరే చూడండి. అది చూడడానికి రూపాయి ఖర్చు లేదు.