యంత్రమేధకు యజమాని ఎవరు?

మానవుడు చేయగల సమస్త బౌద్ధిక కార్యాలను నిర్వర్తించగల యంత్రాన్ని ‘సార్వత్రిక కృత్రిమ మేధ’ అంటున్నారు. ఇంకా సాకారం కాని ఈ స్వప్నాన్ని వ్యాపార సంస్థలు సాధించాలా, స్వచ్ఛంద నిపుణులు సాధించాలా అన్నది నేటి చర్చ. రెండు దృష్టాంతాలను పరిశీలిద్దాం.

అమెరికాలో 2015 డిసెంబరులో ‘ఓపెన్ ఏఐ’ లాభాపేక్ష లేని సంస్థగా ఆవిర్భవించింది. దాతలు వాగ్దానం చేసినది వంద కోట్ల డాలర్లు. విరాళాలుగా అందినది సుమారు 13 కోట్లు. 2019లో ఆ సంస్థ లాభానికి పరిమితి విధించుకున్న అనుబంధ కంపెనీని స్థాపించి, మైక్రోసాఫ్ట్ నుంచి వంద కోట్ల డాలర్ల పెట్టుబడి స్వీకరించింది. 2025 అక్టోబరు నాటి పునర్వ్యవస్థీకరణతో ఆ పరిమితి కూడా తొలగిపోయింది.

రెండవది ‘ఎల్యూథర్ ఏఐ’. 2020లో కొందరు ఔత్సాహికులు తీరిక వేళల్లో ఆరంభించిన కృషి ఇది. వీరు 2022 ఫిబ్రవరిలో 2,000 కోట్ల పారామీటర్ల భాషా నమూనాను లోకానికి ఉచితంగా అందించారు. 2020లోనే ఓపెన్ ఏఐ రూపొందించిన జీపీటీ-3 పరిమాణం 17,500 కోట్లు. స్వచ్ఛంద నిపుణులకు విద్వత్తు కొరవడలేదు, కొరవడినది యంత్రసామగ్రి. వారు వాడుకున్న కంప్యూటర్లను సమకూర్చినది సైతం కోర్‌వీవ్ అనే వ్యాపార సంస్థయే.

1991లో లైనక్స్‌కు బీజం వేయడానికి ఒక విద్యార్థి ఇంటి కంప్యూటరు సరిపోయింది. భారీ భాషా నమూనాల శిక్షణకు వేలాది ప్రాసెసర్లు వారాల తరబడి నిర్విరామంగా పనిచేయాలి. డ్రాయింగులు ఉచితంగా లభించవచ్చు. బాయిలరు ఉచితంగా లభించదు.

అయితే స్వచ్ఛంద కృషి వ్యర్థమని మేము అనుకోవడం లేదు. ఎల్యూథర్ బృందం శిక్షణకు వాడిన పాఠ్యాన్నీ, నమూనానూ బహిర్గతం చేసింది, ఎవరైనా పరీక్షించవచ్చు. 2023లో జీపీటీ-4ను విడుదల చేసిన ఓపెన్ ఏఐ దాని పరిమాణాన్నైనా తన నివేదికలో వెల్లడించలేదు.

బాయిలరు నిర్మించిన కాంట్రాక్టరే తనిఖీ పత్రంపై సంతకం చేస్తానంటే మన కర్మాగారాల్లో ఎవరూ అంగీకరించరు. అంతకన్న శక్తిమంతమైన యంత్రం విషయంలో మాత్రం ఎందుకు అంగీకరించాలి? నిర్మాణానికి పెట్టుబడి అవసరమే. తనిఖీకి స్వాతంత్ర్యం అంతకన్న అవసరం. భారత ప్రభుత్వం 2024 మార్చిలో కృత్రిమ మేధ మిషన్‌కు 10,300 కోట్ల రూపాయలకు పైగా ఆమోదించింది. ఆ ధనంతో సమకూరే కంప్యూటర్లలో కొంత భాగాన్ని స్వతంత్ర పరీక్షకులకు ప్రత్యేకించడం ప్రజాధనానికి సార్థకత చేకూర్చగలదని మా విశ్వాసం.