విప్పి చూశాకే కొనండి!

బొల్లారంలో మా పక్కింటి అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాడు. ఇంట్లో ఉన్నదేమో పదేళ్ల నాటి డెస్క్‌టాప్. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు, మొరాయించేది. కొత్తది కొనే వీలులేక వాళ్ల నాన్న ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చారు. ర్యామ్ స్లాటులో దిగలేదు, కార్డుకి కరెంటు చాల్లేదు!

మీకలా కాకూడదంటే ముందు ప్లగ్గు తీసేసి క్యాబినెట్ తెరవండి. డీడీఆర్3, డీడీఆర్4 ర్యాముల మీది గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. అందుకే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తుంటే పాత ర్యామ్‌ని వెంట తీసుకెళ్లండి. మీది 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి వేసినా వృథాయే.

ఇక గ్రాఫిక్స్ కార్డు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లే. అంతకుమించి కావాలంటే ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఎస్ఎంపీఎస్ మీద రాసున్న వాట్లు చూశాకే కార్డు ఎంచుకోండి.

కృత్రిమ మేధకి పెరిగిన గిరాకీ వల్ల 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి రెండూ ఒకేసారి కొనొద్దు. ముందు ర్యామ్ వేసి నాలుగు రోజులు వాడి చూడండి.

పక్కింట్లోనూ చివరికి అదే జరిగింది. సరైన ర్యామ్ వేశాక అబ్బాయి డ్రాయింగులు సాఫీగా సాగుతున్నాయి. కార్డు మాత్రం అట్టపెట్టెలోనే ఉంది!