అబ్బా గాలపు కర్ర

మా ఇంట అలమారా వెనుక మూలలో ఒక గుడ్డసంచి పదేండ్లకు పైగా గోడకు ఆనుకొని నిలబడి ఉండేది. అందులో ఉన్నది మా అబ్బా గాలపు కర్ర. విరిగిపోయినది. పారవేయడానికి ఎవరికీ మనసొప్పలేదు, బాగుచేయడానికి ఎవరూ పూనుకోలేదు. ఈ శీర్షిక చదివే ఇండ్లలో కూడా అటువంటి వస్తువు ఒకటి ఏదో ఒక మూల ఉండే ఉంటుంది. అందుకే ఈ నెల దాని సంగతి వ్రాస్తున్నాను.

మా దాదా బెజవాడ ఆనకట్ట వద్ద కాలువల లస్కరుగా పనిచేశారు. 1947లో స్వదేశానికి తిరిగిపోతూ ఒక ఆంగ్లేయ ఇంజనీరు ఈ కర్రను ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడట. ఆ కాలపు దొరలకు మన నదులలో గాలం వేయడమంటే ఎంత మోజంటే, మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివన్ థామస్ 1873లోనే దానిపై ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అని ఒక గ్రంథం వెలువరించాడు. దాదాకు మాత్రం వల తప్ప గాలం మీద గురి లేదు. దానిని వాడినది అబ్బా. ఆదివారం ఫజ్ర్ నమాజు కాగానే ఏలూరు కాలువ గట్టుకు చేరేవారు. నీటిపై తేలే బెండును చూస్తూ గంటల తరబడి మౌనంగా కూర్చునేవారు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు మడుగుల్లో మిగిలిన చేపలను ఊరంతా చేతులతో పట్టుకుంటుంటే, “అది పట్టడం కాదు, ఏరుకోవడం” అని నవ్వేవారు. ఆయన తెచ్చే చేపలు ఎన్నడూ కూరకు చాలేవి కావు. అమ్మీ ముందుగానే పప్పు వండి ఉంచేది.

చూడడానికి మామూలు వెదురు బొంగులా కనిపిస్తుంది గాని, ఇది అఖండమైన వెదురు కాదు. వెదురును నిలువునా చీల్చి, ఒక్కొక్క బద్దను ముక్కోణంగా చిత్రిక పట్టి, ఆరు బద్దలను కలిపి అతికిస్తారు. అడ్డంగా కోసి చూస్తే ఆరు పలకలు కనిపిస్తాయి. మొదట్లో పాశ్చాత్య పనివారు ఇందుకు మన దేశం నుండి వెళ్ళిన కలకత్తా వెదురునే వాడేవారు. తరువాత దక్షిణ చైనా వెదురుకు మళ్ళారు. మా కర్ర ఏ వెదురో నేను చెప్పలేను. తొమ్మిదడుగుల కర్ర మూడు ముక్కలుగా విడిపోతుంది. ముక్కల కొసలకు లోహపు తొడుగులుంటాయి, ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. దారం పారే రింగులను పట్టునూలు చుట్టి బిగించి, పైన వార్నిష్ పూస్తారు.

అబ్బా 2008లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇల్లు, పొలం పంచుకున్నాము గాని కర్ర ఏ పంపకంలోనూ రాలేదు. అది నా వద్ద ఉండిపోయింది. 2013లో తమ్ముడు ఒక్క రోజుకని అడిగి గుంటూరు తీసుకువెళ్ళాడు. నెల తరువాత సంచి తిరిగి వచ్చింది. విప్పి చూస్తే నడిమి ముక్క సగంలో విరిగి, నాలుగు పీచులపై వ్రేలాడుతున్నది. “భాయిజాన్, నేనేమీ చేయలేదు, ఊరికే చేతిలో విడిపోయింది” అన్నాడు. వెదురు ఊరికే విడిపోతుందా? నేను ఒక మాట అన్నాను. అది ఇక్కడ వ్రాయదగినది కాదు. ఆ తరువాత పండుగలకు ఆలింగనాలు జరిగాయి, పెండ్లిండ్లలో ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చున్నాము. అయినా సంచి మూలలోనే ఉండిపోయింది.

ఈ ఏడు అమ్మీకి కంటి శుక్లాల ఆపరేషన్ జరిగింది. చూపు తేటపడగానే ఇల్లంతా కలియజూసి, “ఆ మూలలో దుమ్ము పట్టినదేమిటి?” అన్నది. చెప్పాను. తమ్ముణ్ణి పిలిపించింది. దారం చుట్టే పనికి కర్రను తిప్పేవారు ఒకరు, దారాన్ని బిగించి పట్టేవారు ఒకరు కావాలన్నది ఆమె వాదన. నిజానికి ఒక్కరైనా చేయగలరు. ఆ మాట నేను పైకి అనలేదు.

మొదట తడి పిండిన గుడ్డతో తుడిచాము. వేడి నీళ్ళు తగలరాదు. పాత కర్రలలో బద్దలను అతికినది పశువుల చర్మపు జిగురు, వేడికి, తేమకు అది కరిగి విడిపోతుంది. గరుకు కాగితంతో రుద్దడం అంతకన్నా పెద్ద పొరపాటు. వెదురు బలమంతా పైపొరలోని నారలోనే ఉంటుంది. మెరుపు కోసం రుద్దినకొద్దీ ఆ నార పోతుంది. పొలుసులు లేచిన వార్నిష్‌ను మొద్దు కత్తి అంచుతో మెల్లగా గీకాము.

విరిగిన చోట బెత్తెడు మేర ముదురు ఎరుపు పట్టునూలు చుట్టి ఉన్నది. అటువంటి చుట్లు కర్ర పొడవునా ఉన్నాయి గనుక ఇన్నేండ్లూ ఎవరూ అనుమానించలేదు. తమ్ముడు బ్లేడుతో దానిని కోసి విప్పాడు. లోపల మరొక చుట్టు, ముతక నూలుది. దాని క్రింద నల్లబడిన లక్క. దానిని గీకితే, ఏటవాలుగా ఎప్పుడో విరిగి, ఎవరో ఓపికగా అతికిన పాత గాయం బయటపడింది. కొత్త విరుగుడు సరిగ్గా ఆ అతుకు వెంబడే పోయింది.

అమ్మీ ఎర్ర దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. “ఇది నా కుట్టుపెట్టెలోనిది. నువ్వు పుట్టిన ఏడు మీ అబ్బా కాలువ మెట్ల మీద జారిపడ్డారు. పెద్ద బొచ్చె తప్పించుకుపోయిందన్నారు. కర్ర విరిగిందని అనలేదు.”

తమ్ముడు నా వైపు చూడలేదు. నేను లేచి చాయ్ పెట్టడానికి వెళ్ళాను. మూడు కప్పులతో తిరిగి వచ్చాక, “నీ మాట అబద్ధమనుకున్నాను, తప్పు నాది” అన్నాను. “ఈ దారం కొస పట్టుకో భాయిజాన్, జారిపోతున్నది” అన్నాడు.

లేచిన పీచులను కత్తిరించకూడదు. అవి వచ్చిన చోటనే మళ్ళీ ఇముడుతాయి. పాత లక్కనంతా తీసి, రెండు గొట్టాల జిగురును కలిపి సన్నని పుల్లతో లోపలికంటా పూసి, నూలుదారంతో బిగించి కట్టి, చిన్న బరువుతో నిట్టనిలువుగా వ్రేలాడదీశాము. మరునాడు అస్ర్ తరువాత విప్పి, అమ్మీ ఇచ్చిన పట్టునూలు చుట్టాము. దారం కొస మొదటి చుట్ల క్రిందికి పోవాలి. చివరి చుట్ల క్రింద ముందుగానే ఒక దారపు ఉచ్చు పెట్టి, దానిలో రెండవ కొసను దూర్చి లాగితే ముడి అక్కరలేదు. చుట్టినది అమ్మీ, తిప్పినది తమ్ముడు. ఒకచోట మాత్రం భంగపడ్డాము. ఆమె ముచ్చటపడి ఎంచుకున్న చిలకపచ్చ దారం, వార్నిష్ తగలగానే దాదాపు నల్లగా మారింది. పట్టు వార్నిష్‌ను పీల్చుకొని రంగు మారుతుంది. ముందు ఒక పుల్లకు చుట్టి పరీక్షించి ఉండవలసింది. విప్పి మళ్ళీ ఎరుపే చుట్టాము.

ఒక తొడుగు వదులైంది. దానిని పట్టకారుతో మెలిపెడితే వెదురు చీలుతుంది. హైదరాబాదులో లాడ్ బజారు గాజుల పనివాని వద్ద కొన్న లక్కకడ్డీ నా వద్ద ఉన్నది. కొవ్వొత్తి సెగకు దానిని మెత్తబరచి తొడుగును కూర్చాము. రింగుల లోపల దూది ఆడించి చూశాము. దూది చిక్కుకున్న చోట గాలపు దారం అరగదీసిన గాడి ఉన్నట్లు. అటువంటివి రెండు తేలాయి, మార్చాలి. గోడకు ఆనించి ఉంచినందున పై ముక్కకు వచ్చిన వంపును మాత్రం తీయలేదు. సెగ పెడితే సరికావచ్చును గాని, జిగురు విడిపోతుందేమోనన్న భయం. ఆ వంపు నా నిర్లక్ష్యం వల్ల వచ్చినది, ఉండనిస్తున్నాను.

అబ్బా చుట్టిన పాత దారాన్ని అమ్మీ అగ్గిపెట్టెలో పెట్టి తన కుట్టుపెట్టెలో దాచింది. కర్ర గుంటూరు వెళ్ళింది. తమ్ముడి ఇంట గాలి ఆడే చోట, గుడ్డసంచిలో కొక్కేనికి వ్రేలాడుతున్నది. వార్నిష్ మూడు పూతలు పూర్తయ్యాయి. తేమ రోజుల్లో పూస్తే ఆరక జిగటగా ఉండిపోతుంది గనుక నాల్గవది వానలు వెనుకపట్టాక పూయాలి. అప్పుడు రమ్మన్నాడు. రెండు రింగులు కొనుక్కొని వెళతాను.